అరవై మందిలో ముప్పై ఒకటోవాడు

పటాన్‌చెరు మండలం, మన ఊరు
11 జూన్ 2023

బిడ్డా నిషితా,

నీ వ్యాసం ఏదో పెద్ద పత్రికలో అచ్చవుతోందని మీ అమ్మ, అదే మా వదిన, ఫోన్ చేసి మీ చిన్నమ్మకు చెప్పిందట. మీ చిన్నమ్మ చేతులు తిప్పుతూ నాకు చెప్పింది. పుణెలో నీకు పెళ్లి కుదిరిందని నాకు అర్థమైంది. పూటంతా సంతోషపడ్డాను. సాయంత్రం నా దోస్తు అంజన్న వచ్చి కాగితం మీద రాసి చూపిస్తే గానీ అసలు సంగతి తెలియలేదు. తెలిశాక కూడా సంతోషంగానే ఉన్నానులే, కాకపోతే ఒక పిసరు తగ్గింది.

ముప్పై ఏళ్లు కంపెనీ కంప్రెసర్ రూములో అరిగిపోయిన చెవులు ఇవి. ఫోన్ పెట్టుకుంటే రిటైరైన యంత్రం మళ్లీ డ్యూటీకి వచ్చినట్టు ఉంటుంది. సెల్లులో టైపు చేయమంటావు. నా బొటనవేలి కింద ఒకేసారి మూడు అక్షరాలు పడతాయి. కాబట్టి ఉత్తరాలే రాస్తాను, నువ్వూ ఉత్తరమే రాయి. పుస్తకాల భాష రాస్తున్నానని నవ్వకు. కంపెనీ వదిలే రసాయనాలతో పాడైన వాగు కేసు కోసం పాతికేళ్లు అర్జీలు రాసి రాసి చేతికి ఆ భాషే అలవాటైంది. నోటికి మాత్రం మన భాషే.

కిందటేడు ఫిబ్రవరిలో బడి వరండాలో అరవై మందిని కూర్చోబెట్టి నువ్వు రక్తం తీసిన రోజును ఊరు ఇంకా మరిచిపోలేదు. పేరు, వయసు, బీడీ, కల్లు, మందులు అని ఒక్కొక్కరినీ అరిచి అడిగి ఫారాలు నింపింది నేనే కదా. తర్వాత నువ్వు పంపిన 'నార్మల్' కాగితాలను సగం మంది లామినేషన్ చేయించుకున్నారు. అంజన్నయితే దేవుడి పటాల పక్కన పెట్టాడు. "నిషితమ్మ సూసింది, ఇగ మనకు కడుపుల రోగం రాదు" అంటున్నాడు. నీ చదువంతా ఏ జబ్బు గురించో నాకే సరిగ్గా తెలియదు, వాడికి మాత్రం తెలిసిపోయింది.

నా కడుపు ఒక్కటే కుదురుగా లేదు. ఎండలు తగ్గినా రోజుకు నాలుగైదు సార్లు పరుగెత్తాల్సి వస్తోంది. కొత్త బోరు నీళ్లలో మళ్లీ వాగు నీళ్లు కలిసినట్టున్నాయి. మన బావి ఎర్రబడిన ఏడాది నువ్వు పుట్టావు. అప్పటి నుంచి ఈ నీళ్లతో నాకు పేచీయే. మళ్లీ అర్జీ మొదలుపెట్టాను. మీ మేనత్త కొడుకు మల్లేష్ కేసు కాగితాలు చూస్తున్నాడు.

వదినకు నమస్కారాలు. తిని పడుకో. మైక్రోస్కోపు ఎక్కడికీ పారిపోదు.

ఇట్లు నీ మంచి కోరే,
చిన్నాయన చిన్నరాములు


పుణె
24 జూన్ 2023

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి అమ్మ కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పెళ్లి సంగతి తర్వాత చూద్దాం, ముందు నా చదువు సంగతి చెబుతాను. ఇన్నేళ్లు చెప్పకపోవడం నా తప్పే.

కడుపులో, జీర్ణాశయం వెనకాల క్లోమం అని ఒక గ్రంథి ఉంటుంది. దానికి వచ్చే మామూలు క్యాన్సర్ మనిషిని నెలల్లో తీసుకుపోతుంది. నేను చూసేది అది కాదు. అదే క్లోమంలో హార్మోన్లు తయారుచేసే కణాలు కొన్ని ఉంటాయి. వాటిలో పుట్టే గడ్డలను న్యూరోఎండోక్రైన్ గడ్డలంటారు. అవి నిదానంగా పెరుగుతాయి, ఏళ్ల తరబడి దాక్కుంటాయి. తొందరగా దొరికితే కోసి తీసేయొచ్చు, మనిషి హాయిగా బతుకుతాడు. తొందరగా దొరకకపోవడమే వాటితో వచ్చిన తిప్పలు.

ఆ గడ్డలు రక్తంలోకి ఒక ప్రోటీనును వదులుతాయి. అది ఎంతవరకు ఉంటే మామూలు, ఎంత దాటితే అనుమానించాలి అనే గీతను మన వైపు మనుషులను చూసి ఎవరూ గీయలేదు. ఏ జబ్బూ లేని, ఏ మందూ వాడని వాళ్ల రక్తం కావాలి. అందుకే మన ఊరికి వచ్చాను. మీ అరవై మందిని చూసి గీసిన గీతే ఇప్పుడు అచ్చవుతోంది. ఇక్కడి ఆసుపత్రిలో దాన్ని వాడటం కూడా మొదలుపెట్టారు. పదేళ్ల నా పనిలో మనుషులకు ఉపయోగపడిన మొదటి వస్తువు అదే, చిన్నాయనా. గర్వంగా ఉంది.

నీ కడుపు గురించి బెంగపడకు. నీ రక్తం నేనే చూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నీళ్లు మరిగించి తాగు, ఉప్పు చక్కెర కలిపి తాగు. బోరు నీళ్లే అయ్యుంటాయి.

ఇక్కడ వాన వదలడం లేదు. బట్టలు ఆరక ల్యాబు ఫ్యాను కింద ఆరేస్తున్నాను, ఎవరికీ చెప్పకు.

నీ నిషిత


మన ఊరు
3 సెప్టెంబర్ 2023

బిడ్డా,

మరిగించి తాగాను, వడపోసి తాగాను, చివరికి కొనుక్కొచ్చిన డబ్బా నీళ్లు కూడా తాగాను. ఇప్పుడు ఎనిమిది సార్లయింది. రోజూ లెక్క నోటుబుక్కులో రాస్తున్నాను, కేసులో సాక్ష్యానికి పనికొస్తుందని మల్లేష్ అన్నాడు. ప్యాంట్లు జారిపోతున్నాయి. మొన్న పొలం గట్టు ఎక్కబోతే కాళ్లలో పట్టు లేక కూర్చుండిపోయాను.

ఇంకొక తమాషా. ఉన్నట్టుండి ముఖమంతా ఎర్రగా అయి భగభగ మండుతుంది, పావుగంటకు పోతుంది. మీ చిన్నమ్మ అది కల్లు పని అనుకుంది. "ఏంది గిట్ల ఎర్రగైనవ్? ఎవలింట్ల తాగొచ్చినవ్, నిజం జెప్పు" అని నోరు వాసన చూసింది. వాసన రాలేదని ఇంకా అనుమానం పెరిగింది. వాసన రాని కల్లు ఎక్కడ దొరుకుతుందో చెబితే ఊరంతా నాకు దండం పెడుతుంది.

పటాన్‌చెరులో డాక్టరుకు చూపించాను. స్కానింగు తీయించుకొమ్మని రాయబోయాడు. నీ నార్మల్ కాగితం చూపించాను. తిప్పి చూసి, క్లోమం స్పెషలిస్టులే చూశాక నేనేం చూస్తానని గోలీలు రాసి పంపించాడు. అంత విలువ ఉంది నీ సంతకానికి.

గోలీలంటే గుర్తొచ్చింది. నాకు గోలి మింగడమే రాదు, అందుకని అంజన్న నేర్పిస్తానని కూర్చున్నాడు. వాడు ఇరవై ఏళ్లుగా పొద్దున లేవగానే గ్యాస్ గోలి వేసుకుని, తర్వాతే చాయ్ తాగుతాడు. "గోలి ఎయ్యకుంటె చాయ్ లోపలికి దిగుతదానె?" అంటాడు. వాడొక్కడేనా! కంపెనీ ఫస్ట్ ఎయిడ్ గదిలో అడిగినన్ని పట్టీలు ఇస్తారు, షిఫ్టు డ్యూటీల కడుపులకు అదే ప్రసాదం. ఇళ్లలో ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరికీ అలవాటైపోయింది. ఉప్పు డబ్బా పక్కన గోలీల డబ్బా లేని ఇల్లు మన ఊళ్లో లేదు. నేనొక్కడినే ముట్టను, మీ చిన్నమ్మ పోసే మజ్జిగ చాలు నాకు. అంజన్న నన్ను చూసి జాలిపడతాడు.

నీ వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి పంపు. చదవలేకపోయినా బీరంగూడ బాపిరాజు గారికి చూపిస్తాను. ఆయన ప్లాంటులో కెమిస్టుగా చేసి రిటైరైనవాడు, మన కేసుకు ఇంగ్లిష్ అర్జీలు ఆయనే రాస్తాడు.

చిన్నాయన


పుణె
14 సెప్టెంబర్ 2023

చిన్నాయనా,

ఈ ఉత్తరం అందగానే రెండు పనులు చేయి.

ఒకటి. ఆ అరవై మందిలో గ్యాస్ గోలీలు వేసుకునేవాళ్లు ఎవరు, ఎన్నాళ్ల నుంచి, నేను రక్తం తీసిన రోజుల్లో కూడా వేసుకున్నారా, ఈ మూడూ ప్రతి ఒక్కరినీ అడిగి రాసి పంపు. ఎందుకని ఎవరైనా అడిగితే నాకు తెలియదని చెప్పు.

రెండు. అది అయినా కాకపోయినా నువ్వు వెంటనే హైదరాబాద్ వెళ్లి ఈ కాగితంలో రాసిన రక్త పరీక్ష, స్కానింగు చేయించుకో. నా స్నేహితురాలు కృష్ణప్రియ అక్కడ డాక్టరు. ఆమెతో మాట్లాడాను. ఆలస్యం చేయకు.

ఇంకేమీ రాయలేను ఇప్పుడు.

నిషిత


మన ఊరు
8 అక్టోబర్ 2023

బిడ్డా,

నీ పనికి ఊళ్లో నా పరువు పోయింది. నువ్వు పోలీసువాళ్ల మాదిరి మూడు ప్రశ్నలు పంపావు, కారణం చెప్పలేదు. నేను ఇల్లిల్లూ తిరిగి అడిగితే మొదట అందరూ మాకేం తెలియదన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం. కంపెనీ గోలీలు ఇంటికి తెచ్చుకుంటున్నారని నువ్వు పైకి రాస్తావని పుకారు పుట్టింది. అంజన్న నాతో మాట్లాడటం మానేశాడు. "మా గోలీలు ఏసుకుంటె మీ బిడ్డకేం దర్ద్?" అని చాయ్ బండి దగ్గర అందరి ముందు అరిచాడు. నాకే వినపడిందంటే ఎంత అరిచాడో చూసుకో.

చివరికి ఆడవాళ్లను అడిగి రాశాను. అరవై మందిలో యాభై రెండు మంది రోజూ వేసుకుంటారు, అప్పుడూ వేసుకున్నారు. వేసుకోనివాళ్లం ఎనిమిది మందిమి. పట్టిక జత చేశాను.

మరి ఫారంలో మందులు లేవని ఎందుకు చెప్పారని అడిగాను. వాళ్లు నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు. అది మందు ఎట్లా అవుతుందని వాళ్ల ప్రశ్న. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ తోచలేదు.

స్కానింగుకు ఇప్పుడు రాలేను. కౌలుకు వేసిన వరి కోతకు వస్తోంది, కేసు వాయిదా కూడా ఉంది. నీ లెక్క కోసం నా రక్తం మళ్లీ కావాలంటే సంక్రాంతి వెళ్లాక ఎంత కావాలంటే అంత తీసుకో, నా దగ్గర ఎలాగూ ఊరికే ఉంది.

నీళ్ల పరీక్ష ఫలితం వచ్చింది. బోరు నీళ్లు బాగున్నాయట! నేను నమ్మను. వాన పడిన మర్నాడు వచ్చి నింపుకుపోయారు. నోటుబుక్కులో నా లెక్క నిన్న పదకొండు. ఏది నిజమో నువ్వే చెప్పు.

చిన్నాయన


పుణె
2 డిసెంబర్ 2023

చిన్నాయనా,

దసరా వెళ్లిన మూడో రోజు చెప్పకుండా ఊడిపడి, నిన్ను కోతల మధ్యలో నుంచి లాక్కుపోయి స్కానింగు చేయించాను. రిపోర్టు వచ్చాక ఆసుపత్రి వరండాలో "చూద్దాం" అని మాత్రం అన్నాను. నీకు వినపడాలంటే ఏదైనా అరిచి చెప్పాలి. ఆ మాటను అంతమంది మధ్యలో అరవడం నా వల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను. చిన్నమ్మకు అల్సర్ అని చెప్పాను, నువ్వు ఇది చదివాక ఆమెకు ఏం చెప్పాలో నీ ఇష్టం.

నీ క్లోమంలో గడ్డ ఉంది. నేను పదేళ్లుగా చదువుతున్న గడ్డే. నీ విరేచనాలు, ముఖం మండటం, కాళ్లు పట్టు తప్పడం అన్నీ అది వదిలే హార్మోన్ల వల్లే. నీళ్లది తప్పు కాదు. అది కాలేయం నిండా పాకింది. కోయడానికి లేదు. నెల నెలా వేసే ఇంజెక్షన్ విరేచనాలను తగ్గిస్తుంది, గడ్డను ఆపుతుందన్న నమ్మకం నాకు లేదు. ఇది నిదానంగా పోయే రకమూ కాదు, ముదిరిన రకం.

ఇప్పుడు అసలు సంగతి. నేను కొలిచే ప్రోటీను గ్యాస్ గోలీలు వేసుకునేవాళ్లలో ఏ గడ్డా లేకపోయినా చాలా పెరుగుతుంది. ఇది నాకు తెలుసు. పుస్తకంలో ఉంది, నేనే విద్యార్థులకు చెబుతాను. ఇంగ్లిష్ ఫారంలో ఆ గోలీల పేర్లు వరసగా ఉన్నాయి. తెలుగులోకి మార్చింది నేను. అన్ని పేర్లు ఎందుకు, జనం విసుక్కుంటారని 'మందులు ఏమైనా వాడుతున్నారా' అని ఒక్క లైను చేశాను. లేవని అరవై జవాబులు వచ్చాయి, నమ్మాను. గోలీలతో పెరిగిన యాభై రెండు మంది లెక్కను చూసి, మన వైపు మనుషులకు ఇది ఎక్కువగా ఉండటమే మామూలని గీతను పైన గీశాను.

నీ లెక్క ఆ అరవైలో సరిగ్గా మధ్యలో ఉంది. ముప్పై ఒకటోది. అందరికంటే మామూలు మనిషివి నువ్వే అనుకున్నాను. నువ్వు పంపిన పట్టిక చూసి ఆ ఎనిమిది మందిని విడిగా తీశాను. ఏడుగురికి చాలా తక్కువ ఉంది. నీది వాళ్లందరికంటే ఆరు రెట్లు. గోలి వేసుకోని మనిషికి అంత ఉండకూడదు.

ఆ రోజు పట్టుకుని ఉంటే గడ్డ క్లోమం దాటి ఉండేది కాదేమో. కోసి తీసి ఉండేవాళ్లు. 'నార్మల్' అని నేను సంతకం పెట్టాను. పటాన్‌చెరు డాక్టరు స్కానింగు రాయబోతే ఆ సంతకమే ఆపింది. జూన్‌లో నువ్వు కడుపు గురించి రాస్తే నీళ్లు మరిగించుకోమన్నది కూడా నేనే.

ఆ కాగితాలన్నీ వెనక్కి తీసుకోవాలి. గోలీలు రెండు వారాలు మాన్పించి అందరికీ మళ్లీ పరీక్ష చేయాలి. ఈ మాట ఊళ్లో నువ్వు చెబితేనే వింటారు. నిన్ను అడిగే ముఖం నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

నిషిత


మన ఊరు
9 జనవరి 2024

నిషితా,

కోపం వచ్చింది. దాచను. నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. నాయన పోయిన పిల్లను పదకొండేళ్లప్పటి నుంచి చదివించాను. మా పోచయ్యన్న బిడ్డ డాక్టరని కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా చెప్పుకున్నాను. ఊళ్లో అందరి కడుపులూ చూసిన దానివి, నా కడుపు ఒక్కటి చూడలేకపోయావు. ఇదే మాట రెండు రోజులు మనసులో తిరిగింది.

మూడో రోజు ఇంకొకటి తోచింది. ఆ ఫారాలు నింపింది ఎవరు? అరవై చోట్ల 'లేవు' అని రాసింది నా చెయ్యే. అంజన్న చొక్కా జేబులో గోలీల పట్టీ కనబడుతుండగానే లేవని రాశాను. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. నాది కూడా ఒక పిడికెడుంది, పెద్దదే.

మీ చిన్నమ్మకు చెప్పాను. ఆమె ఏడవలేదు. "నేను అప్పుడే అన్న, కల్లైతే వాసనొస్తుండె గదా" అని మాత్రం అంది. తర్వాత పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ఇక నీ కాగితాల సంగతి. ఇల్లిల్లూ తిరిగాను. రెండిళ్లకు ఒకసారి కూర్చోవాల్సి వచ్చింది. పదకొండు కాగితాలు చేతికొచ్చాయి. మిగతావాళ్లు ఇవ్వం అన్నారు. అంజన్న తలుపులోనే నిలబడి చెప్పాడు: "నార్మల్ అని రాసిచ్చి మల్ల వాపస్ అడుగుడేంది? గది నాది. నీకు రోగమొచ్చిందని అందరికీ రావాల్నా?" గోలీలు రెండు వారాలు మానమంటే రెండు రోజులు కూడా ఎవరూ మానలేదు. గుండెల్లో మంటతో డ్యూటీ ఎట్లా చేస్తామన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. నమ్మమని చెప్పింది నేనే, ఇప్పుడు నమ్మొద్దని చెబుతున్నదీ నేనే.

ఇంజెక్షన్ వేశారు. నోటుబుక్కులో లెక్క ఆరుకు దిగింది.

చిన్నరాములు


పుణె
20 ఫిబ్రవరి 2024

చిన్నాయనా,

'బిడ్డా' అని మొదలుపెట్టలేదు నువ్వు. చూశాను. అది నాకు తగినదే.

వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో పత్రికకు నేనే రాసిచ్చాను. మా పెద్ద డాక్టరు గారు గది తలుపు వేసి, ఈ గీతను నమ్మి మన ఆసుపత్రిలో ఎంతమందిని ఇంటికి పంపామో తెలుసా అని అడిగారు. తెలుసు. నూట నలభై మంది. అందరికీ ఉత్తరాలు రాశాను. ముప్పై మంది కూడా తిరిగి రాలేదు. కొందరి చిరునామాలు మారిపోయాయి. ఒకరి ఇంటి నుంచి వాళ్ల అబ్బాయి జవాబు రాశాడు, నాన్నగారు కార్తీకంలో పోయారని. ఏ జబ్బుతో పోయారో రాయలేదు. అడగడానికి నాకు చెయ్యి రాలేదు.

కొత్త పరిశోధన ఏదీ నాకు ఇవ్వడం లేదు. ల్యాబుకు వెళ్తున్నాను, పాత సీసాల మీద పేర్లు రాసి సర్దుతున్నాను. సాయంత్రం అమ్మ ఏమైందని అడిగితే ఏమీ లేదంటున్నాను. నేను ఇక మనుషులకు పనికొచ్చే పని చేయగలనని నమ్మకం లేదు, చిన్నాయనా.

ఇంజెక్షన్ ఆపకు. కృష్ణప్రియ దగ్గరకు నెల నెలా వెళ్లు. నేను వచ్చి నీ దగ్గర ఉంటాను, ఒప్పుకో.

నిషిత


మన ఊరు
5 మే 2024

బిడ్డా,

పిలిచాను, ఇక దాని గురించి మళ్లీ అనకు. నా చేతిరాత వంకర పోతోంది, ఓపిక పట్టి చదువు.

మంచం మీద పడుకుని చాలా ఆలోచించాను. నేను పోతాను, అది తేలిపోయింది. లెక్క మళ్లీ పన్నెండుకు ఎక్కింది. నువ్వు వచ్చి కూర్చుంటే గడ్డ సిగ్గుపడి తగ్గదు. కాబట్టి నువ్వు నాకు చేయగలిగింది ఒక్కటే ఉంది.

వాగు కేసు జూలైలో విచారణకు వస్తోంది. పాతికేళ్లలో మా దగ్గర లేనిది ఒక్కటే, మనిషి సాక్ష్యం. ఎర్రబడిన బావి ఫోటోలున్నాయి, చచ్చిన చేపల ఫోటోలున్నాయి, చచ్చిన మనిషి లేడు. బాపిరాజు గారు మొన్న వచ్చి మంచం పక్కన కూర్చుని కాగితం మీద రాసి చూపించారు: "ఏవండీ చిన్నరాములు గారూ, క్లోమం డాక్టరు సంతకంతో ఒక్క సర్టిఫికెట్టు ఉంటే చాలండీ, కేసు నిలబడిపోతుంది." నా జబ్బు ఈ నీళ్ల వల్ల వచ్చిందని నువ్వు రాసివ్వాలి.

నువ్వేమంటావో నాకు తెలుసు. కానీ విను. మా తరం ఎర్ర నీళ్లు తాగింది నిజం. మన నాలుగెకరాలు పాడైంది నిజం. పాడుచేసినవాళ్ల దగ్గరే జీతానికి చేరి చెవులు పోగొట్టుకున్నది నిజం. ఇన్ని నిజాలకు ఒక్క కాగితం దొరకలేదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు, నేను ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు అబద్ధం చెప్పనిదానివేమీ కాదు, మీ చిన్నమ్మకు అల్సర్ అని చెప్పావు. తెలియక నా గురించి ఒక తప్పు కాగితం రాశావు. ఇప్పుడు తెలిసి ఇంకొకటి రాయి. మొదటిది నా ప్రాణం తీసింది, రెండోది ఊరికి నీళ్లు ఇస్తుంది. లెక్క సరిపోతుంది, నీ మనసూ తేలికవుతుంది.

జూన్ ఆఖరులోగా పంపు.

నీ చిన్నాయన


పుణె
19 మే 2024

చిన్నాయనా,

రాయలేను.

నాలుగు సార్లు రాయడానికి కూర్చున్నాను. సంస్థ కాగితం తీసుకున్నాను, నీ పేరు రాశాను. అమ్మ, నువ్వు తప్ప నాకు ఎవరున్నారు? నువ్వు అడిగింది ఇన్నేళ్లలో ఇదొక్కటే. అయినా రాయలేను.

నా ఉద్యోగం కోసం కాదు, అది ఎలాగూ పోయినట్టే. ఆ నీళ్లు మంచివని కూడా నేను అనడం లేదు. నీ జబ్బు వాటి వల్ల వచ్చిందని చెప్పడానికి నా దగ్గర ఒక్క ఆధారం లేదు. నేను ఆ కాగితం రాస్తే వాగు పక్క ఊళ్లన్నిట్లో చదువుతారు. రేపు ఎవరికో కడుపు పాడవుతుంది, ముఖం మండుతుంది. నీళ్ల వల్లేనని మరిగించి తాగుతూ కూర్చుంటారు, నువ్వు కూర్చున్నట్టే. అర్జీ రాస్తారు, స్కానింగుకు వెళ్లరు. నా మొదటి కాగితం నిన్ను ఆపింది. రెండోది ఎంతమందిని ఆపుతుందో నేను లెక్కపెట్టలేను.

చిన్నమ్మకు అల్సర్ అన్నాను, నిజమే. ఆ మాటకు రోజూ సిగ్గుపడుతున్నాను.

నన్ను తిట్టు. జవాబు రాయకుండా మాత్రం ఉండకు. సెలవు పెట్టాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు బస్సెక్కుతాను.

నిషిత


మన ఊరు
2 జూలై 2024

బిడ్డా,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. నువ్వు రాసింది సరైనదే. నేను అర్జీ రాస్తూ కూర్చున్న మాట కూడా నిజమే. నిన్ను తిట్టను, ఓపిక లేదు, మనసూ లేదు.

ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా విను. విచారణ ఇరవై రెండుకు ఉంది. అప్పటిదాకా నేను ఉండనని కృష్ణప్రియమ్మ ముఖం చూస్తే తెలిసింది. నేను పోయాక మల్లేష్, మిగతావాళ్లు నన్ను నేరుగా కాష్టానికి తీసుకుపోరు. కంపెనీ గేటు ముందు దింపి కూర్చుంటారు. నీళ్లు తాగి పోయిన మనిషి అని బోర్డు రాసి పెట్టుకున్నారు. నాకు చూపించారు, సరే అన్నాను. కాగితం లేకపోతే శవమైనా ఉండాలి కదా. బతికినన్నాళ్లూ నా మాట ఎవరూ వినలేదు, నాకూ ఎవరిదీ వినపడలేదు. గేటు ముందు ఒక్క పూటైనా నా మాట నిలబడనీ. అది తప్పుడు మాట అని నాకూ తెలుసు, నీకూ తెలుసు, ఇంకెవరికీ తెలియనవసరం లేదు.

అక్కడికి పేపర్లవాళ్లు వస్తారు. క్లోమం డాక్టరు, సొంత అన్న బిడ్డ అని తెలిస్తే మైకులన్నీ నీ ముఖం మీదికే వస్తాయి. నువ్వు నోరు తెరిస్తే నిజం చెబుతావు. మూసుకుంటే ఆ మూసుకున్న నోటితో జీవితమంతా బతకాలి. ఈ రెండిట్లో ఏదీ నేను చూడలేను.

అందుకని రాకు. ఇప్పుడూ రాకు, కబురు తెలిశాక కూడా రాకు. మీ చిన్నమ్మకు చెప్పి పెట్టాను, మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టిన తర్వాతే వదినకు ఫోన్ చేస్తుంది. ఆమె మీద కోపం పెట్టుకోకు, చేయనని చాలా ఏడ్చింది.

మాకు పిల్లలు లేరని ఊరు అనుకుంటుంది, నేను ఎప్పుడూ అనుకోలేదు. తలకొరివి నీ చేత పెట్టించుకోవాలని ఉండేది. ఆడపిల్ల పెట్టొచ్చా అని పోయినేడు అయ్యగారిని అడిగి కూడా పెట్టుకున్నాను. పెట్టొచ్చన్నాడు. ఇప్పుడు మల్లేష్ పెడతాడు.

చిన్నాయన